చెదల తర్వాత ఉప్పునీళ్ల తొట్టి

స్క్రూడ్రైవరును నేను గట్టిగా నొక్కలేదు. ఆనించానంతే. అది స్టాండు కాలులోకి బన్నులోకి దిగినట్టు దిగిపోయింది. బయటికి లాగితే కొన మీద తడి మట్టి, రెండు తెల్లటి చెదపురుగులు.

ఆ స్టాండు మీద రెండు వందల ఇరవై లీటర్ల ఉప్పునీళ్లున్నాయి. అద్దాలు, రాళ్లు, ఇసుక కలిపితే దాదాపు మూడు క్వింటాళ్ల బరువు. నీళ్లల్లో రెండు క్లౌన్ చేపలు, ఒక ఎర్ర రొయ్య. ఫిబ్రవరి రెండో ఆదివారం, పొద్దున తొమ్మిది గంటలు. నీటి అంచు ఎడమవైపు అద్దం మీద అర వేలెడు ఎత్తుగా కనిపించి అనుమానమొచ్చి కింద కూర్చున్నాను కాబట్టి తెలిసింది.

"ఏమైంది?" అంది నా భార్య వంటింట్లోంచి.

"స్టాండు చెదలు తినేసినాయి. గట్టిగా నడవద్దు."

"నేను ఈడ ఉప్మా కలుపుతాంటే ఆడ తొట్టి పడిపోతాదా?" అంటూ వచ్చింది. స్క్రూడ్రైవరు కొన చూసి, ఆ తర్వాత మునివేళ్ల మీదే నడిచింది.

నా ఉద్యోగం నీళ్లతోనే. ఆసుపత్రుల్లో డయాలసిస్ యూనిట్లకు నీళ్లు శుద్ధి చేసే ఆర్వో ప్లాంట్లు ఉంటాయి. కర్నూలు నుంచి కడప దాకా వాటిని చూసుకోవడం నా పని. నీళ్లల్లో క్లోరిన్ ఎంత, ఉప్పు ఎంత, గట్టిదనం ఎంత అని రోజంతా కొలుస్తాను. మద్రాసులో ట్రైనింగుకు పోయినప్పుడు ఒక దుకాణంలో సముద్రపు చేపల తొట్టి చూశాను. అందులోనూ అన్నీ కొలతలే. అందుకే నచ్చిందనుకుంటాను. పెళ్లయిన కొత్తలో తెచ్చి పెట్టాను. "పగలంతా నీళ్లల్లోంచి ఉప్పు తీస్తావు, ఇంటికొచ్చి నీళ్లల్లో ఉప్పు కలుపుతావు. నీకేం పనప్పా?" అనేది నా భార్య.

ఆమెది మైదుకూరు పక్కన పల్లె. ఈడ ఒక బడిలో సైన్సు చెప్తుంది. మొదట్లో తొట్టి వైపే చూసేది కాదు. తర్వాత రొయ్య ఆమెకు అలవాటైంది. చేపల ఒంటి మీద మురికి ఏరుకుని తినే జాతి రొయ్య అది. వీపు మీద సున్నంతో గీసినట్టు తెల్లటి గీత. సాయంత్రం బడి నుంచి వచ్చి ఆమె నీళ్లల్లో వేళ్లు పెడితే రాయి కింది నుంచి బయటికొచ్చి, వేళ్ల మీదికెక్కి, గోళ్ల చుట్టూ చిన్నచిన్న కాళ్లతో గీకేది. "చూడు, నా గోళ్లల్లో సుద్దముక్క పొడి తీస్తాంది" అనేది. నేను వేళ్లు పెడితే వచ్చేది కాదు.

ఆ ఆదివారం మధ్యాహ్నానికి తొట్టి ఖాళీ చేశాను. చేపలూ రొయ్యా అరవై లీటర్ల ప్లాస్టిక్ టబ్బులోకి పోయాయి. పాత స్పాంజి ఫిల్టరు కూడా అందులోకే మార్చాను. చేపల మలినాన్ని విరగ్గొట్టే బాక్టీరియా అందులోనే ఉంటుంది. ఆ స్పాంజి లేకపోతే ఆ టబ్బులో చేపలు వారం కూడా బతకవు.

మూడో రోజు చెదల మందు కొట్టే ఆయన వచ్చాడు. యాభై దాటిన మనిషి, పాతబస్తీ వైపు ఇల్లు. అందరూ భాయ్ అంటారు, నేనూ అట్లే పిలిచాను. గోడ వెంబడి అడుగుకొక రంధ్రం వేసి, దాంట్లోకి మందు ఎక్కించి, సిమెంటుతో మూస్తారు. ఆయన డ్రిల్లు తియ్యకముందే నేను కాగితం తీశాను. మందు పేరేంది, ఎంత శాతం, నూనెలో కలిపిందా నీళ్లల్లో కలిపిందా, గాలిలోకి లేస్తుందా, ఎన్ని రోజులు వాసన, తడి ఎన్నాళ్లకు ఆరుతుంది, గోడ లోపల ఎంత దూరం పాకుతుంది.

ఆయన అన్నింటికీ చెప్పాడు. చివరికి నవ్వాడు. "సార్, మా పెండ్లప్పుడు మా మామ గూడా ఇన్ని సవాళ్లు అడగలేదు."

"ఇంట్లో సముద్రపు రొయ్య ఉండాది భాయ్. పురుగుల మందు పొగ తగిలినా చస్తాది."

"మట్టిలోకి పోతాది సార్ నా మందు. గాలిలోకి రాదు. ఫికర్ వద్దు." డ్రిల్లు చేతిలోకి తీసుకుని, తినేసిన స్టాండు వైపు చూశాడు. "మళ్లా చెక్క పెట్టద్దు సార్. కడప బండ పెట్టుకో. చెదలకు పండ్లు విరుగుతాయి."

మందు కొట్టకముందే టబ్బును మిద్దె మీద మెట్ల గదికి మార్చాను. వారం పాటు కిటికీలన్నీ తెరిచి పెట్టాను. ఆ తర్వాతే టబ్బును కిందికి తెచ్చి పడకగదిలో పెట్టాను.

కొత్త తొట్టి మొదలుపెట్టడానికి జాబితా రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాను. ఇరవై ఒక్క పనులు. మందు తగిలిన గోడకు తొట్టి జానెడు దూరం ఉండాలి. ఇటుక దిమ్మెల మీద రెండు అంగుళాల మందం కడప బండ వెయ్యాలి. బండ పాలిష్ పట్టనిది, నూనె పుయ్యనిది కావాలి. దానికోసం బండల డిపోలో ఒక పూట నిలబడ్డాను. "పాలిష్ లేకుండా ఎవురు తీస్కపోతారు సార్, గొడ్లకు గాడిపాడు కడుతున్నారా?" అన్నాడు అక్కడి మనిషి. రాళ్లు కొత్తవి, ఇసుక కొత్తది, పంపు కొత్తది. అద్దాలు పాతవే. బ్లేడుతో గీకి ఎండలో నాలుగు రోజులు పెట్టాను.

పదైదో నంబరు డ్రమ్ము. రెండు వందల ఇరవై లీటర్ల తొట్టికి నీళ్లు ముందురోజే పట్టి, ఉప్పు కలిపి, పంపుతో తిప్పాలి. ఇరవై లీటర్ల క్యాన్లతో ఆ పని కాదు. టబ్బుకైతే అవే క్యాన్లు చాలేవి. నందికొట్కూరు దగ్గర పల్లెలో మా చిన్నాయన ఉంటాడు. నాన్న తమ్ముడు. వేరుశనగ, మిరప వేస్తాడు. ఆత్మకూరులో పని చూసుకుని కంపెనీ వ్యానులో వస్తూ ఫోన్ చేశాను.

"డ్రమ్మా? కొట్టంలో ఉండాది, తీస్కపో అప్పా. నేను చేన్లో ఉండా" అన్నాడు.

ఇంటి దగ్గర ఎవరూ లేరు. కొట్టంలో గడ్డి పక్కన ఒకటే నీలం డ్రమ్ము ఉంది. మెడకు పాత కొబ్బరి తాడు, ముడి మీద ముడి. వ్యానులో వేసుకొచ్చాను. తాడు నిండా దుమ్ము, ఏవో గింజల పొట్టు. ఇంటికి రాగానే కోసి పారేశాను. వెనిగరుతో మూడుసార్లు, నీళ్లతో ఐదుసార్లు కడిగాను. పదైదో నంబరు పక్కన టిక్కు పెట్టాను.

ఆ తర్వాత ఐదు వారాలు ఎదురుచూపే. కొత్త రాళ్లల్లో, ఇసుకలో బాక్టీరియా పెరిగేదాకా తొట్టిలో ప్రాణి ఉండకూడదు. అమ్మోనియా పెరగాలి, తగ్గాలి. తర్వాత నైట్రైటు పెరగాలి, అదీ తగ్గాలి. పనేమీ ఉండదు, ఊరకే ఉండాలి. అదే నాకు చేతకాదు. రోజుకొకసారి చూస్తే చాలినదాన్ని మూడుసార్లు చూసేవాణ్ని. స్నానం చేసి తువ్వాలుతోనే వచ్చి పరీక్షగొట్టం వెలుతురుకు పట్టేవాణ్ని, అమ్మోనియా ఉంటే ఆకుపచ్చ, లేకపోతే పసుపు. అన్నం తింటూ లేచిపోయేవాణ్ని. నంద్యాలలో ప్లాంటు తెరిచి పెట్టుకుని ఇంటికి ఫోన్ చేసి, "పసుపేనా, కొంచెం ఆకుపచ్చ తిరిగిందా?" అని అడిగేవాణ్ని. "పసుపే. నీ మొగం గూడా అట్లే ఐతాది చూసుకో" అనేది ఆమె.

మార్చిలోనే ఎండలు ముదిరాయి. కర్నూలు ఎండు గాలికి తొట్టిలోంచి రోజుకు నాలుగు లీటర్లు ఆవిరైపోయేవి. వెనక వరండాలో నీలం డ్రమ్మును ఆర్వో నీళ్లతో నింపి ఉంచి, అందులోంచి పొద్దునా సాయంత్రం చెంబుతో తెచ్చి పోసేవాణ్ని. టబ్బులో వేడి ఇరవై తొమ్మిదికి, ఒక్కోసారి ముప్పైకి పోయేది. సీసాల్లో నీళ్లు గడ్డకట్టించి టబ్బులో తేలేసే పని నా భార్య తీసుకుంది. ఏ సీసా ఎప్పుడు మార్చాలో నేను పట్టిక గీసిచ్చాను. ఆమె దాన్ని మడిచి టబ్బు కింద వంకర సరిచేయడానికి పెట్టింది. సీసాలు మాత్రం ఒక్కటీ తప్పలేదు.

ఏప్రిల్ మొదటి వారంలో అన్నీ సున్నా వచ్చాయి. మూడు రోజులు వరసగా సున్నా. ఉప్పు సరిగ్గా ఉంది, వేడి ఇరవై ఏడు. జాబితాలో ఇరవై టిక్కులు. మిగిలింది ఒకటే, రొయ్యను వదలడం.

"దాన్నే ముందు ఎందుకు?" అని అడిగింది.

"అన్నిటికన్నా సున్నితం అదే. అది తట్టుకుంటే చేపలకు ఢోకా లేదు."

"అంటే దాన్ని పరీక్షకు పంపిస్తాండావు."

"కాదు. పరీక్షలన్నీ అయిపోయినాయి. చూడు, సున్నా, సున్నా..."

కాగితం చూసింది. నా మొగం చూసింది. టబ్బులో వేళ్లు పెట్టింది. రొయ్య ఎక్కింది. తనే మగ్గులోకి దించింది. గంటసేపు చుక్కచుక్కగా కొత్త నీళ్లు కలిపి, పది గంటలకు తొట్టిలోకి వదిలాం. రొయ్య ఇసుక మీద దిగి, మీసాలు ఆడించి, రాయి వైపు నడిచింది. ఇద్దరం నేల మీద కూర్చుని చూశాం. "కొత్తిల్లు బాగుండాదా?" అని అడిగింది దాన్ని.

పదకొండున్నరకు అది ఉన్నట్టుండి పైకి లేచింది. గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. తర్వాత వెల్లకిలా పడింది. కాళ్లన్నీ ఆడుతున్నాయి, ఒక కాలికీ ఇంకో కాలికీ పొందిక లేదు. మగ్గుతో తీసి టబ్బు దగ్గరికి పరుగెత్తాను. ఒంటిగంటకు కదలడం ఆగిపోయింది.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. మగ్గు తీసుకుపోయి కడిగి బోర్లించింది. వచ్చి టబ్బు పక్కన నిలబడి అంది: "ఈ రెండు చేపల్ని మాత్రం నేను చెప్పేదాకా ముట్టుకోవద్దు. అది ఎందుకు సచ్చిందో తేలాలి ముందు."

నేను సరేనని, ఆ నిమిషమే భాయ్‌కి ఫోన్ చేశాను. అన్నీ కొలిచాను, అన్నీ సున్నా వచ్చాయి. కొలవలేనిది ఈ ఇంట్లో ఒక్కటే ఉంది, ఆయన మందు. నా లెక్కలో అంతకన్నా సూటి లెక్క లేదు. గొంతు పెంచి మాట్లాడాను. "గాలిలోకి రాదంటిరే? వచ్చింది. మా రొయ్య సచ్చిపోయింది. తెలీకపోతే తెలీదని చెప్పాల, అబద్ధాలెందుకు?" అన్నాను. "రేపు పొద్దున వస్తా సార్" అని పెట్టేశాడు.

నా భార్య తలుపు దగ్గర నిలబడి అంతా వింది.

"ఒక మాట అడుగుతా" అంది. "రొయ్య ఇన్ని వారాలు టబ్బులోనే ఉండె. ఆ టబ్బు యాడుండాది?"

"పడకగదిలో."

"పడకగది గోడలకు మందు కొట్టలేదా ఆయన?"

కొట్టాడు. అన్ని గదులకన్నా ఎక్కువ రంధ్రాలు అక్కడే వేశాడు.

"గాలిలో ఉంటే టబ్బులోనే సచ్చిపోవాల గదా ఎప్పుడో. ఏడో తరగతి పిల్లోల్లు చెప్తారప్పా ఇది" అని వంటింట్లోకి పోయింది.

నేను కొత్త కాగితం తీసుకున్నాను. టబ్బుకు లేనివి, కొత్త తొట్టికి వాడినవి. బండ, రాళ్లు, ఇసుక, పంపు, డ్రమ్ము. ఐదే. కానీ దేన్ని ఎట్లా పరీక్షించాలో తెలియలేదు. నా దగ్గరున్న ఏ మీటరూ పురుగుల మందును చూడలేదు. హైదరాబాదు ల్యాబుకు పంపితే జవాబు రావడానికి రెండు వారాలు. ఎండలో ఆ చేపలకు రెండు వారాలంటే ఎక్కువ. ఆ సాయంత్రం మిద్దె మీద అటూ ఇటూ ఎన్నిసార్లు తిరిగానో లెక్కపెట్టలేదు. అంటే నాకు బాగా లేదని అర్థం.

మరుసటి పొద్దున భాయ్ వచ్చాడు. చెప్పులు బయట విడిచి, సంచిలోంచి తన మందు డబ్బా తీసి బండ మీద పెట్టాడు. గొంతులో కోపం లేదు. నేను తెలుసుకున్నది, నా భార్య అన్నది ఆయనకు చెప్పాను. మీ మందు కాకపోవచ్చునని నసిగాను.

"నాది కాదని నాకు తెల్సు సార్. యాడిదో కనుక్కుందామని వచ్చినా" అన్నాడు. "మీ కూలర్లో దోమ పిల్లలుండాయా?"

"మా ఇంట్లో యాడుంటాయి?" అంది నా భార్య. పోయి కూలరు మూత తీసింది. లోపల నీళ్లల్లో వందల కొద్దీ తోకలు ఆడిస్తూ కొట్టుకుంటున్నాయి. ఆమె నా వైపు తిరిగింది. "ఇరవై ఒకటి రాసినావు. కూలరు నీళ్లు మార్చేది రాయలేదే?"

భాయ్ నవ్వును మీసాల కింద ఆపుకున్నాడు. "బజార్లో నకిలీ మందు శానా వస్తాది సార్. డబ్బా అసలుదా కాదా అని మేం దోమ పిల్లల్తోనే చూస్తాం. చుక్క మందున్నా సాలు, గంటలో మునుగుతాయి. వాటికి మీటరు అక్కర్లే. ఉప్పు నీళ్లల్లో బతకవు గానీ, ఉప్పు కలపని నీళ్లల్లో చూడొచ్చు."

టీ కప్పులు ఆరు తీసుకున్నాం, కాగితంవి. ఆరింట్లోనూ ఆర్వో నీళ్లే. ఒకదాంట్లో ఏమీ లేదు. ఒకదాంట్లో కడప బండ పెచ్చు, ఒకదాంట్లో రాయి ముక్క, ఇంకోదాంట్లో ఇసుక. అవి తొట్టిలోవి కావు, సంచుల్లో మిగిలినవి. ఐదోదాంట్లో కొత్త పంపు ట్యూబు ముక్క. ఆరోదాంట్లోకి వరండాలో డ్రమ్ములో ఉన్న నీళ్లు. కప్పుకు పది దోమ పిల్లలు. నా భార్య టీ చెంచాతో లెక్కపెట్టి వేసింది, బడిలో చేయించినట్టే నంబర్లు రాసింది.

నేను కూర్చోలేకపోయాను. ఐదు నిమిషాలకోసారి వంగి చూశాను. "సార్, మీరు ఊపిరి పీల్చే గాలికే సస్తాయి అవి" అన్నాడు భాయ్. ముగ్గురం టీ తాగాం. పదిన్నరకు ఆరో కప్పులో రెండు అడుగుకు చేరాయి. పదకొండుకు పదీ. మిగతా ఐదు కప్పుల్లో ఒక్కటీ చావలేదు.

డ్రమ్ములో నీళ్లు పారబోశాను. వంటింట్లోంచి మరిగే నీళ్లు తెచ్చి పోసి, మూత పెట్టి, రెండు నిమిషాలాగి తీశాను. ఆవిరి మొగానికి కొట్టింది.

ఆ వాసన నాకు తెలుసు. మీటరు అవసరం లేకుండా తెలుసు. జూన్ నెల, తొలకరి పడిన మరుసటి రోజు, చిన్నాయన కళ్లం. వేరుపురుగు పట్టకుండా వేరుశనగ విత్తనానికి మందు పట్టించే రోజు. విత్తనాలు డ్రమ్ములో పోసి, మందు పోసి, మూత బిగించి, డ్రమ్మును పండబెట్టి కాళ్లతో దొర్లిస్తాం. ఒకరు అటు నుంచి, ఒకరు ఇటు నుంచి. ఇంజినీరింగు చదివే రోజుల్లో సెలవులకు పోయి రెండేళ్లు నేనే దొర్లించాను. దొర్లినప్పుడు లోపల గింజలు వాన పడినట్టు చప్పుడు చేసేవి. అయిపోయాక డ్రమ్మును మెడకు కట్టిన తాడు పట్టుకుని చేను దాకా లాక్కుపోయేవాళ్లం. చేత్తో ముట్టుకోకుండా ఉండటానికే ఆ తాడు.

చిన్నాయనకు ఫోన్ చేశాను.

"రెండుండాయి కదప్పా డ్రమ్ములు. నీళ్లది పక్కింటోల్లు అడుక్కపోయిరి. తాడు కట్టిండేది విత్తనాలది. తాడు ఉండ్లేదా దానికి?"

"ఉండె."

"మరి?"

"కోసేసినా."

"ఎందుకప్పా?"

మురికిగా ఉందని అన్నాను. అవతల చిన్నాయన ఏదో తింటున్నట్టున్నాడు, నమలడం ఆగింది. నాకింకో భయం పట్టుకుంది. "మొన్న జాతరలో మజ్జిగ పోస్తిరే, అది దీంట్లో కలపలేదు కదా?"

"మేం సదువుకోలేదు గానీ అంత పిచ్చోల్లమా?" అన్నాడు. "తాడున్న డ్రమ్ము దగ్గరికి మా దూడ గూడా పోదు. ఇంజినీరువి నువ్వు పోయినావు. నా డ్రమ్ము నాకు పంపీ. తాడు కట్టి పంపీ."

ఫోన్ పెట్టేసి భాయ్ వైపు తిరిగాను. నిన్న గట్టిగా అన్న మాటలకు ఈరోజు మెల్లగా చెప్పాల్సి వచ్చింది. "తప్పు నాది భాయ్. అబద్ధమన్నాను మిమ్మల్ని."

"పర్వాలే సార్. నన్ను పది సవాళ్లడిగినారు. మీ చిన్నాయన్ని ఒక్కటి అడిగింటే సరిపోయేది." చెప్పులేసుకుంటూ ఆగి, నా భార్యతో అన్నాడు: "అమ్మా, కూలరు నీళ్లు మార్చండి. డెంగీ వస్తాది."

ఇక మిగిలింది చేపల సంగతి. కారణం తేలింది గానీ తొట్టి పోయింది. ఐదు వారాలు రోజూ చెంబుతో ఆ డ్రమ్ము నీళ్లే పోశాను. రాళ్లు తాగాయి, ఇసుక తాగింది, అద్దాలను అతికించిన జిగురు కూడా తాగుంటుంది. అన్నీ తీసెయ్యాల్సిందే. మళ్లీ మొదటి నుంచి ఐదు వారాలంటే మే నెల. అప్పటికే మధ్యాహ్నాలు కరెంటు పోతోంది. టబ్బులో వేడి ముప్పై ఒకటి దాటింది. రెండింట్లో పెద్దదైన ఆడచేప నీటి పైకొచ్చి నోరు తెరుస్తోంది. తిండి వేస్తే ముందుకొచ్చేది, నోట్లోకి తీసుకుని ఉమ్మేసేది. చిన్నది దాని వెనకే తిరిగేది.

మద్రాసు దుకాణానికి తిరిగి పంపడం ఒక దారి. ఆ ఎండలో సంచిలో అంత దూరం పెద్దది బతకదు. టబ్బులోనే ఉంచడం ఇంకో దారి, ఇంకెన్నాళ్లో తెలియదు. ఈ రెండూ రాసి, వాటి కింద గీత గీసి కూర్చున్నప్పుడు టబ్బులో బుడగలు వదులుతున్న స్పాంజి కనిపించింది. కావలసిన బాక్టీరియా అంతా మొదటి నుంచీ అందులోనే ఉంది. రాళ్ల కోసం, ఇసుక కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. రాళ్లూ ఇసుకా లేకుండా చిన్న తొట్టి పెట్టి, ఆ స్పాంజిని అందులో వేస్తే రెండు చేపలకు ఆ రోజే సరిపోతుంది. ఇన్నాళ్లూ పెద్ద తొట్టి చుట్టూ తిరిగి దీన్ని చూడలేదు.

నా భార్యకు చెప్పాను. "ఐతే అన్నీ అడుగు ఈసారి" అంది.

అడిగాను. ఎనభై లీటర్ల కొత్త అద్దాల తొట్టి చేసినాయన్ని ఏ జిగురు వాడావని అడిగాను. నీళ్లు టబ్బుకు వాడిన క్యాన్లల్లోనే పట్టాను. అయినా ఆ క్యాన్లల్లో ఇంతకుముందు తాగునీళ్లు తప్ప ఏమీ లేవని పక్క వీధి ప్లాంటులో రెండోసారి అడిగాను. బకెట్టు ఎక్కడిది, మగ్గు ఎవరిది, గరిటె దేనికి వాడేది. దోమల క్రీము రాసుకున్న చేతులు నీళ్లల్లో పెట్టానా లేదా. నా భార్యను ఆమె సబ్బు పేరు అడిగాను. "నా పుట్టినూరు గూడా అడుగు, రాసుకుందువు" అంది. ఉప్పు కలపకముందు ప్రతి క్యాను నీళ్లల్లో దోమ పిల్లల్ని వేసి పూటంతా ఉంచాను. కూలరు నీళ్లు మార్చేశాం కాబట్టి వాటిని పక్కింటి కూలర్లోంచి అడిగి తెచ్చుకున్నాను.

తొట్టిని కడప బండ మీద పెట్టి, ఉప్పు సరిచూసి, వేడి సరిచూసి, రెండు రోజులు తిప్పాను. రెండో రోజు సాయంత్రం ఆమె తొట్టి ముందు కుర్చీ వేసుకుని చాలాసేపు కూర్చుంది. టబ్బులో పెద్ద చేప వేగంగా ఊపిరి తీస్తోంది.

"రేపు మారుద్దాం" అంది.

మరుసటి పొద్దున ఆరు గంటలకు కడప నుంచి ఫోన్ వచ్చింది. ఒక ఆసుపత్రిలో ప్లాంటు ఆగిపోయింది, డయాలసిస్ వాళ్లు బెంచీల మీద కూర్చుని ఉన్నారు. పోకుండా ఉండటానికి లేదు. చొక్కా వేసుకుంటూనే ఆమెకు వరస చెప్పాను. ముందు మగ్గు, తర్వాత చుక్కలు, గంట, ఆ తర్వాత వల. అన్నిటికన్నా ముందు స్పాంజి మార్చడం మాత్రం మర్చిపోవద్దు.

"తెల్సు."

"గంట గంటకూ ఒక ఫొటో."

"పంపను. నువ్వు ఫోన్ గూడా చెయ్యద్దు. నేను ఈడ చేతులు తడి చేసుకుని ఉంటా."

ఏడు గంటల బస్సెక్కాను. తొమ్మిదికి వదులుతానంది. రొయ్య గంటన్నరకే తిరగబడింది. అంటే పదిన్నర. మెల్లగా పనిచేసే మందైతే పదకొండు. నంద్యాలలో బస్సు ఆగితే దిగి మళ్లీ ఎక్కాను. ఆళ్లగడ్డ దగ్గర ఫోన్ తీసి, పేరు మీద వేలు పెట్టి, తీసేశాను. పక్కన కూర్చున్న పెద్దాయన "ఆసుపత్రికి పోతాండావా అప్పా?" అని అడిగాడు. ఔనన్నాను, ఉన్న మాటే. "ఎవురికి బాగలేదు?" అన్నాడు. కిటికీ బయటికి చూశాను. చాగలమర్రి దాటాక చేలల్లో అక్కడక్కడ కోసిన జొన్న మోళ్లు, ఎండ. టైము పదిన్నరైంది. పదీ నలభై. పదీ యాభై. ఏ కబురూ లేదు. ఒక పక్క అదే మంచిదనుకున్నాను. ఇంకో పక్క, చెడు కబురైతే ఆమె ఫోన్లో చెప్పే మనిషి కాదనుకున్నాను.

బస్సు మైదుకూరు స్టాండులోకి తిరుగుతుండగా పదకొండూ ఐదు. ఇక ఆగలేదు. నాలుగు రింగులకు ఎత్తింది.

"ఉండాయా?"

"ఉండాయి."

"రెండూనా?"

"రెండూ. తిన్నాయి. పెద్దది నా వేలు కరిచింది."

"గట్టిగానా?"

"రక్తం రాలేదులే. గట్టిగానే." నవ్వుతోందో లేదో తెలియలేదు. "నా చెయ్యి తొట్టిలో పెట్టగూడదంట. దాని ఇల్లంట."

"ఊపిరి ఎట్లుండాది? నిమిషానికి ఎన్నిసార్లు..."

"ఏంప్పా, నువ్వు పోయి ఆ మనుషుల నీళ్లు చూడు" అని పెట్టేసింది.

బస్సు మైదుకూరులో పది నిమిషాలాగుతుందన్నాడు కండక్టరు. దిగి టీ తాగాను. ఇంకో టీ కూడా చెప్పాను. డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టేదాకా ఎక్కలేదు.